ఇల్లు కొన్నది ఒకరు, ఖర్చు నిర్ణయించేది మరొకరు: ఇంగ్లండ్ గోదాము ఫ్లాట్లలో సర్వీస్ చార్జీల తగాదా

లండన్‌లో టవర్ బ్రిడ్జి పక్కనే, థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున షాడ్ థేమ్స్ అనే ఇరుకు వీధి ఉంది. తల పైకెత్తి చూస్తే, అటూ ఇటూ ఉన్న ఎత్తైన ఇటుక భవనాలను కలుపుతూ ఇనుప వంతెనలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఓడల నుంచి దించిన సరుకు ఆ వంతెనల మీదుగానే ఒక గోదాము నుంచి ఇంకో గోదాముకు వెళ్లేది. తేయాకు, మసాలా దినుసులు నిల్వ చేసిన వీధి అది. అక్కడి బట్లర్స్ వార్ఫ్ 1873లో పూర్తయింది. ఓడల వ్యాపారం తగ్గిపోయి 1972లో మూతపడింది. 1980ల్లో డిజైనర్ టెరెన్స్ కాన్రాన్ చొరవతో ఫ్లాట్లుగా, రెస్టారెంట్లుగా మారింది.

ఇలాంటి భవనంలో ఇనుప వంతెన తుప్పు పడితే ఎవరు బాగు చేయించాలి? ఎప్పుడు, ఎవరితో, ఎంతకు చేయించాలో ఎవరు నిర్ణయించాలి? ఆ డబ్బు ఎవరు కట్టాలి? ఇంగ్లండ్ చట్టంలో మొదటి రెండు ప్రశ్నలకు సాధారణంగా ఒక జవాబు ఉంటుంది, మూడో ప్రశ్నకు వేరే జవాబు ఉంటుంది. పాత గోదాముల్లో ఫ్లాట్లు కొన్నవాళ్లకూ, భవన యజమానులకూ మధ్య సర్వీస్ చార్జీల తగాదాలకు మూలం అక్కడే ఉంది.

బిల్లు పెద్దదిగా ఉండటమే ఈ గొడవకు కారణం అనుకుంటే పొరపాటు. నూట యాభై ఏళ్ల ఇటుక గోడను నిలబెట్టడానికి ఎవరికైనా ఖర్చవుతుంది. ఆ ఖర్చు నిర్ణయించేవాళ్ల జేబులోంచి రూపాయి పోదు, కట్టేవాళ్ల చేతిలో నిర్ణయం ఉండదు. అసలు సమస్య ఇది. మనవాళ్లు ‘అత్త సొమ్ము అల్లుడు దానం’ అంటారే, అలాంటి ఏర్పాటు.

కొన్నా సొంతం కాని ఇల్లు

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫ్లాటు కొనడమంటే సాధారణంగా లీజ్‌హోల్డ్ కొనడమే. 99, 125 లేదా 999 ఏళ్లు ఆ ఫ్లాటులో ఉండే హక్కును డబ్బిచ్చి కొంటారు. భవనం, దాని కింది నేల మాత్రం ఫ్రీహోల్డర్ అనే మరొకరి పేరు మీద ఉంటాయి. ఒక్క ఇంగ్లండ్‌లోనే సుమారు 48 లక్షల ఇళ్లు ఈ పద్ధతిలో ఉన్నాయని ప్రభుత్వ అంచనా. అంటే మొత్తం ఇళ్లలో దాదాపు ఐదో వంతు.

పైకప్పు, బయటి గోడలు, మెట్లు, లిఫ్టు, బీమా లాంటివి ఫ్రీహోల్డర్ చూసుకోవాలి. అందుకైన ఖర్చును సర్వీస్ చార్జీగా ఫ్లాట్లవాళ్ల నుంచి వసూలు చేసుకోవచ్చు. ఎవరి వాటా ఎంతో లీజు పత్రంలో ఉంటుంది. రోజువారీ పని చేయడానికి ఫ్రీహోల్డర్ ఒక మేనేజింగ్ ఏజెంటును పెట్టుకుంటారు. ఆ ఏజెంటు ఫీజు కూడా సర్వీస్ చార్జీలోనే కలుస్తుంది. అంటే ఏజెంటుకు జీతమిచ్చేది ఫ్లాట్లవాళ్లు, పని చెప్పేది ఫ్రీహోల్డర్.

మన అపార్టుమెంట్లతో పోల్చితే తేడా తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాటు కొంటే స్థలంలో అవిభాజ్య వాటా కూడా మన పేరు మీదకు వస్తుంది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం ప్రకారం యజమానులంతా కలిసి సంఘం పెట్టుకుంటారు. మెయింటెనెన్స్ ఎంతో ఆ సంఘమే తేలుస్తుంది. సంఘంలో కొట్లాటలుంటాయి, లెక్కలు చెప్పని కార్యదర్శులూ ఉంటారు. కానీ వచ్చే ఎన్నికల్లో వాళ్లను దించే ఓటు మన చేతిలో ఉంటుంది. ఇంగ్లండ్ లీజ్‌హోల్డర్‌కు సాధారణంగా ఆ ఓటు లేదు.

పాత గోదాముకే ఎందుకింత ఖర్చు?

1960ల తర్వాత సరుకు రవాణా కంటెయినర్లలోకి మారింది. పెద్ద ఓడలు లండన్ నడిబొడ్డు దాకా రావడం మానేశాయి. రేవుల పక్కనున్న గోదాములు ఖాళీ అయ్యాయి. వాపింగ్‌లో తేయాకు కోసం కట్టిన ఆలివర్స్ వార్ఫ్ 1970ల మొదట్లోనే ఫ్లాట్లుగా మారింది. 1981లో లండన్ డాక్‌ల్యాండ్స్ అభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక ఈ మార్పు జోరందుకుంది. లివర్‌పూల్‌లో 1846లో ప్రారంభమైన ఆల్బర్ట్ డాక్ గోదాముల్లో కొంత భాగం నివాసాలైంది. మాంచెస్టర్‌లో నూలు బట్టలు నిల్వ చేసిన గోదాములు కూడా అదే దారి పట్టాయి.

ఎర్ర ఇటుక గోడలు, పోత ఇనుప స్తంభాలు, మందపాటి కలప దూలాలు, ఎత్తైన కిటికీలు. కొనేవాళ్లను ఆకర్షించేవి ఇవే, ఖర్చు తెచ్చేవీ ఇవే. ఇవి బస్తాలు పెట్టుకోవడానికి కట్టినవి, కాపురాలు ఉండటానికి కట్టినవి కావు. గోడల్లో దాచిన ఇనుము చెమ్మ తగిలి ఉబ్బితే ఇటుక పగులుతుంది. పాత గోడలకు వాడింది గానుగ సున్నం. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక ఇటుకే పొరలుగా రాలిపోతుంది. కాబట్టి మళ్లీ సున్నమే వాడాలి, ఆ పని తెలిసిన తాపీ మేస్త్రీలు కావాలి. నది వైపు గోడకు మరమ్మతు చేయాలంటే అసలు పని మొదలవక ముందే పరంజా కట్టడానికే పెద్ద మొత్తం పోతుంది.

వీటిలో చాలా భవనాలు వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్నాయి. బట్లర్స్ వార్ఫ్‌ది గ్రేడ్ 2, ఆల్బర్ట్ డాక్‌ది అన్నిటికన్నా పైదైన గ్రేడ్ 1. జాబితాలోని కట్టడం రూపురేఖలు మార్చాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. 1990 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అలాంటి మార్పు చేయడం నేరం. పాత చెక్క కిటికీ పుచ్చిపోతే ప్లాస్టిక్ కిటికీ పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. పన్ను కూడా పాత కట్టడానికే బరువు. కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా, పాత ఇంటికి మరమ్మతు చేస్తే మామూలుగా 20 శాతం. అనుమతి పొంది జాబితా కట్టడాల్లో చేసే మార్పులకు ఒకప్పుడున్న వ్యాట్ మినహాయింపును 2012 అక్టోబరు నుంచి తీసేశారు.

నది ఒడ్డున ఉన్నవాటికి మరో బాధ్యత ఉంది. థేమ్స్ వరద గోడల సంరక్షణ ఒడ్డున ఉన్న ఆస్తి యజమానులదే అని 1879 నాటి నుంచి వచ్చిన చట్టాలు చెబుతున్నాయి. వాతావరణ మార్పు వల్ల నీటిమట్టం పెరుగుతుండటంతో, థేమ్స్ బ్యారియర్‌కు ఎగువనున్న గోడలను 2050 నాటికి ఎత్తు పెంచాలని పర్యావరణ సంస్థ ప్రణాళిక వేసింది. గోడ భవనంలో భాగమై, లీజు అందుకు వీలిస్తే ఆ ఖర్చు కూడా చివరికి సర్వీస్ చార్జీలోకే వస్తుంది. నదిని చూస్తూ కాఫీ తాగొచ్చని ఫ్లాటు కొన్నవాళ్లు, నదిని ఆపే గోడకు కూడా డబ్బు కట్టాల్సి రావచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం. 60 ఫ్లాట్లున్న గోదాము ఉంది. పైకప్పు, నది వైపు గోడ బాగు చేయడానికి 9 లక్షల పౌండ్లు అవుతుంది. సమానంగా పంచినా ఫ్లాటుకు 15,000 పౌండ్లు. పౌండుకు 120 రూపాయల చొప్పున 18 లక్షల రూపాయలు. ఏటా కట్టే సర్వీస్ చార్జీ మీద ఇది అదనం. ముందు నుంచీ ఏటా కొంత పక్కన పెట్టి నిధి పోగేసి ఉంటే దెబ్బ తక్కువగా తగులుతుంది. అలాంటి నిధి ఉండాలా వద్దా అనేది లీజు పత్రం మీద ఆధారపడి ఉంటుంది. చాలా పాత లీజుల్లో ఆ ఏర్పాటే లేదు.

చట్టం ఏం చెబుతోంది?

ఫ్లాట్లవాళ్లకు చట్టం అండ లేదనడం సరికాదు. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం చాలా హక్కులిచ్చింది. ఖర్చు సహేతుకంగా పెట్టిందై ఉండాలి, పని సహేతుకమైన నాణ్యతతో ఉండాలి. ఆ మేరకే వసూలు చేయాలి. ఖర్చయిన 18 నెలల్లోగా బిల్లు పంపాలి, లేదా ఇంత ఖర్చయింది, మీ వాటా కట్టాల్సి ఉంటుందని రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే వసూలు హక్కు పోతుంది. బిల్లుతో పాటు లీజ్‌హోల్డర్ హక్కుల పత్రం జతచేయాలి. అది లేకపోతే చేసేదాకా డబ్బు ఆపొచ్చు. రసీదులు, లెక్కలు చూపమని అడగొచ్చు. నచ్చకపోతే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

ఏ ఒక్క ఫ్లాటు మీదైనా 250 పౌండ్లకు మించి భారం పడే పని చేపడితే ముందుగా సంప్రదించాలి. ఏం పని, ఎందుకు అన్నది చెప్పి 30 రోజులు గడువివ్వాలి. కనీసం రెండు అంచనాలు చూపించి మళ్లీ 30 రోజులు ఆగాలి. ఫ్లాట్లవాళ్లు తమకు తెలిసిన కాంట్రాక్టరు పేరు కూడా సూచించవచ్చు. ఈ పద్ధతి పాటించకపోతే ఫ్లాటుకు 250 పౌండ్లకు మించి వసూలు చేయకూడదు.

చదవడానికి ఇది గట్టి రక్షణలాగే కనిపిస్తుంది. అయితే సంప్రదించడం అంటే ఒప్పించడం కాదు. వచ్చిన అభిప్రాయాలను పరిగణనలోకి తీసుకుంటే చాలు, పాటించాల్సిన పని లేదు. 60 మందిలో 60 మందీ ‘ఇప్పుడు వద్దు’ అన్నా పని మొదలుపెట్టొచ్చు.

సహేతుకత పరీక్ష కూడా ఎక్కువగా ఖర్చు జరిగాక వచ్చేదే. ముందే ట్రిబ్యునల్‌ను అడిగే వీలున్నా, వాడేవాళ్లు తక్కువ. పైగా సహేతుకం అంటే అన్నిటికన్నా చవక అని అర్థం కాదు. యజమాని సరైన పద్ధతిలో నిర్ణయం తీసుకుని, ఫలితం సబబుగా ఉంటే సరిపోతుంది. ఇంకొంచెం తక్కువలో అయ్యేదని చెప్పడం సరిపోదు. గోదాము కేసుల్లో ఇది మరీ కష్టం. మామూలు అపార్టుమెంటుకు రంగు వేయడానికి ఎంతవుతుందో పక్క భవనాన్ని చూసి చెప్పొచ్చు. పోత ఇనుప స్తంభం తలభాగం బాగు చేయడానికి మార్కెట్ ధర ఏమిటో చెప్పడానికి నిపుణుడు కావాలి, ఆ నిపుణుడికి ఫీజు కట్టాలి. యజమాని తరఫు నిపుణుడి ఫీజు మాత్రం సర్వీస్ చార్జీ నుంచే పోవచ్చు.

లాయరు ఖర్చూ అంతే. లీజులో అనుమతి ఉంటే, ట్రిబ్యునల్లో వాదించడానికి యజమానికైన ఖర్చును కూడా ఫ్లాట్లవాళ్ల మీద వేయొచ్చు. అలా వేయకుండా ఆపమని ఫ్లాట్లవాళ్లే విడిగా ఉత్తర్వు అడగాలి. అడగకపోతే గెలిచినవాళ్లే ఓడినవాళ్ల లాయరుకు ఫీజు కట్టే పరిస్థితి.

పోనీ కట్టడం మానేస్తే? లీజు రద్దు చేయించే ఫర్‌ఫీచర్ అనే అస్త్రం ఫ్రీహోల్డర్ దగ్గర ఉంది. బాకీ 350 పౌండ్లు దాటినా, లేదా మూడేళ్లకు మించి బాకీ పడినా ఆ దారిలో అడుగు వేయొచ్చు. దానికి ముందు ట్రిబ్యునల్ లేదా కోర్టు ఆ బాకీని తేల్చాలి. ఇల్లు నిజంగా పోవడం అరుదు. అయినా ఆ మాట నోటీసులో కనబడితే ఎవరికైనా చెమటలు పడతాయి. రుణమిచ్చిన బ్యాంకు కంగారుపడి తానే బాకీ కట్టేసి, ఆ మొత్తాన్ని రుణంలో కలపడమూ ఉంది.

సుప్రీంకోర్టు తీర్పులు ఎటు మొగ్గాయి?

2013 నుంచి బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకు సర్వీస్ చార్జీల కేసులు కొన్ని వచ్చాయి. ఇవి గోదాముల కేసులు కావు, కానీ గోదాము ఫ్లాట్లకూ ఇవే వర్తిస్తాయి.

మొదటిది 2013 నాటి డేజన్ వర్సెస్ బెన్సన్. ఉత్తర లండన్‌లోని ఒక భవనంలో సుమారు 2,80,000 పౌండ్ల పనులకు యజమాని సంప్రదింపుల పద్ధతి సరిగా పాటించలేదు. నిబంధన ప్రకారమైతే ఐదుగురు లీజ్‌హోల్డర్లు కలిపి కట్టాల్సింది 1,250 పౌండ్లే. కానీ సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో యజమానికి మినహాయింపు ఇచ్చింది. బిల్లులో 50,000 పౌండ్లు తగ్గించడం వంటి షరతులు పెట్టింది. పద్ధతి తప్పడం ఒక్కటే చాలదు, దానివల్ల నష్టం ఏమిటో లీజ్‌హోల్డర్లు చూపాలి అన్నది ఈ తీర్పు సారం. ఆ తర్వాత 250 పౌండ్ల పరిమితికి భయపడే యజమానులు తగ్గారు.

రెండోది 2015 నాటి ఆర్నాల్డ్ వర్సెస్ బ్రిటన్. ఇక్కడ బ్రిటన్ అన్నది దేశం కాదు, ఒక కక్షిదారు ఇంటిపేరు. వేల్స్‌లోని ఒక విడిది స్థలంలో కొన్ని లీజుల ప్రకారం సర్వీస్ చార్జీ 90 పౌండ్లతో మొదలై ఏటా 10 శాతం చక్రవడ్డీలా పెరుగుతుంది. 2072 నాటికి ఒక్కో చిన్న విడిది ఇంటికి ఏడాదికి 5,50,000 పౌండ్లు దాటుతుంది. ఇది అసంబద్ధం కాదా అన్న వాదన నిలవలేదు. సంతకం చేసిన పత్రంలో ఏ మాట ఉందో అదే చెల్లుతుందని మెజారిటీ తేల్చింది.

మూడోది 2023లో అవీవా వర్సెస్ విలియమ్స్. లీజులో రాసిన శాతాన్ని యజమాని సహేతుకంగా మార్చుకోవచ్చన్న షరతు ఉంటే, ఆ మార్చే అధికారం యజమానిదే అని కోర్టు చెప్పింది. అది అహేతుకంగా ఉందా లేదా అన్నంతవరకే ట్రిబ్యునల్ చూడాలి. కింద రెస్టారెంట్లు, పైన ఫ్లాట్లు ఉండే గోదాముల్లో ఇది చాలా పెద్ద విషయం. లిఫ్టు ఖర్చులో కింది అంతస్తు దుకాణం వాటా ఎంత, చెత్త తీయించే ఖర్చులో రెస్టారెంటు వాటా ఎంత అన్న గొడవలన్నీ ఇక్కడికే వస్తాయి.

మూడింటినీ కలిపి చూస్తే, ఫ్లాట్లవాళ్ల తలరాత చట్టం కన్నా ఎక్కువగా తమ లీజు పత్రంలోనే ఉందని అర్థమవుతుంది. ఆ పత్రాన్ని చాలాసార్లు 1980ల్లో బిల్డరు లాయరు రాశాడు. ఈనాటి కొనుగోలుదారు అందులో ఒక్క అక్షరం మార్చలేడు.

రక్షణలు సరిగ్గా ఇక్కడే తప్పుతున్నాయి

నిర్వహణను ఫ్లాట్లవాళ్లే చేతిలోకి తీసుకునే రైట్ టు మేనేజ్ హక్కు 2002 నాటి చట్టంతో వచ్చింది. యజమాని తప్పు చేశాడని రుజువు చేయక్కర్లేదు, సగం ఫ్లాట్లవాళ్లు కలిస్తే చాలు. కానీ భవనంలో దుకాణాలు, ఆఫీసుల వాటా 25 శాతం మించితే ఆ హక్కు వర్తించదని మెలిక పెట్టారు. నది ఒడ్డు గోదాముల కింది అంతస్తుల్లో ఉండేవి రెస్టారెంట్లు, ఆఫీసులే. అలా ఎన్నో గోదాములు ఆ హక్కుకు దూరమయ్యాయి. 2025 మార్చి నుంచి ఈ పరిమితిని 50 శాతానికి పెంచారు. ఇటీవలి మార్పుల్లో గోదాము ఫ్లాట్లకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

అయితే నిర్వహణ దక్కినా అది భవనం గడప దాకానే. తూర్పు లండన్‌లో ఒకప్పటి ఈస్టిండియా డాక్ ప్రాంతంలోని వర్జీనియా క్వే ఎస్టేటులో సెట్లర్స్ కోర్ట్ అనే భవనవాసులు ఈ హక్కు తీసుకున్నారు. ఎస్టేటు మొత్తానికి ఉమ్మడిగా ఉన్న సదుపాయాల నిర్వహణ మాత్రం వాళ్లకు రాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత రేవుల్లో ఆవరణ, నది గోడ, గేటు, పార్కింగు చాలా భవనాలకు ఉమ్మడిగా ఉంటాయి. ఆ ఖర్చు పాత చేతుల్లోనే ఉండిపోతుంది.

ఇంతకన్నా పెద్ద కన్నం 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ చట్టంలో ఉంది. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయాక, భద్రతా లోపాల మరమ్మతు ఖర్చు లీజ్‌హోల్డర్ల మీద పడకుండా ఈ చట్టం తెచ్చారు. కనీసం 11 మీటర్ల ఎత్తు లేదా కనీసం ఐదంతస్తులు ఉన్న భవనాల్లో అర్హులైనవాళ్ల వాటాకు పరిమితులు పెట్టారు. కానీ లోపం 1992 జూన్ 28 తర్వాతి ముప్ఫై ఏళ్లలో పూర్తయిన నిర్మాణం లేదా మార్పిడి పనుల వల్ల వచ్చిందై ఉండాలి. లండన్ గోదాముల మార్పిడి జోరుగా సాగింది 1980ల్లో. ఆ కాలంలో కలప అంతస్తుల మధ్య మంట పాకకుండా సరైన అడ్డు పెట్టలేదని ఇవాళ తేలితే, ఈ రక్షణ రాదు.

విచిత్రమైన మరో మినహాయింపు కూడా ఉంది. ఫ్లాట్లవాళ్లంతా కలిసి ఫ్రీహోల్డు కొనుక్కున్న భవనాలను కూడా ఈ రక్షణల నుంచి తప్పించారు. యజమాని పెత్తనం పడలేక డబ్బు పోగేసి భవనాన్ని కొనుక్కున్నవాళ్లు, యజమాని మీద పడాల్సిన ఖర్చును తామే భరించాల్సి వచ్చింది. చట్టం దృష్టిలో వాళ్లిప్పుడు యజమానులు మరి.

యజమానుల వాదనలోనూ నిజముంది

ఈ గొడవలో ఒక పక్షమే మంచిదని చెప్పడం అన్యాయం. జాబితాలోని కట్టడాన్ని పాడుపడనిస్తే స్థానిక సంస్థ నోటీసులు ఇవ్వొచ్చు. గోడ నుంచి ఇటుక ఊడి బాటసారి మీద పడితే కేసు యజమాని మీదకు వస్తుంది. అందుకే ముందుజాగ్రత్తగా ఖర్చు పెడతామని వాళ్లంటారు. ఫ్లాట్లవాళ్లలో అద్దెకిచ్చేసి వేరే దేశంలో ఉండేవాళ్లు, రెండేళ్లలో అమ్మేసి వెళ్లిపోవాలనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లను అడిగితే ఏ మరమ్మతైనా వచ్చే ఏడాదికే.

అందులో అబద్ధం లేదు. పైకప్పు మరమ్మతును ఇవాళ వాయిదా వేస్తే, పదేళ్లకు దూలాలు కూడా మార్చాల్సి వస్తుంది. ఆ బిల్లు అప్పటి కొనుగోలుదారు నెత్తిన పడుతుంది. మన దగ్గరా ఇది తెలియని సంగతేం కాదు. ఓటున్న సంఘాల్లోనే మెయింటెనెన్స్ పెంచుదామంటే సర్వసభ్య సమావేశం రచ్చవుతుంది. బిల్డరు కార్పస్ నిధి అప్పగించలేదన్న తగాదాలు ఒకవైపు, అప్పగించిన నిధిని నీళ్ల ట్యాంకరుకు ఖర్చు పెట్టేసిన సంఘాలు ఇంకోవైపు. పెత్తనం చేతికొచ్చినంత మాత్రాన పాత భవనం ఖర్చు తగ్గదు.

కానీ ఈ వాదనతో తేలేది ఒక్కటే: ఖర్చు పెట్టాలి. ఎవరు నిర్ణయించాలన్నది తేలదు. బీమాలో కమీషను, తమకు సంబంధమున్న కంపెనీకే కాంట్రాక్టు, పనుల మొత్తం మీద శాతం లెక్కన పర్యవేక్షణ ఫీజు లాంటి వీలున్నంతకాలం, పెద్ద బిల్లు వల్ల లాభపడేవాళ్లు బిల్లు తయారు చేసే కుర్చీలోనే ఉంటారు. మేనేజింగ్ ఏజెంట్లకు కనీస అర్హతలు పెట్టి, ఒక నియంత్రణ సంస్థ కిందకు తేవాలని లార్డ్ బెస్ట్ కమిటీ 2019లోనే సిఫార్సు చేసింది. ఆ సంస్థ ఇప్పటికీ రాలేదు.

సంస్కరణలు ఎక్కడిదాకా వచ్చాయి?

2024 మే 24న లీజ్‌హోల్డ్ అండ్ ఫ్రీహోల్డ్ సంస్కరణల చట్టానికి రాజముద్ర పడింది. సర్వీస్ చార్జీ బిల్లు అందరికీ ఒకే నమూనాలో, వివరంగా ఉండాలని, బీమా కమీషన్లను నిషేధించాలని, యజమాని లాయరు ఖర్చు తనంతట తానే ఫ్లాట్లవాళ్ల మీద పడకూడదని అందులో ఉంది. కాగితం మీద ఇవన్నీ పైన చెప్పిన రోగాలకు మందులే. కానీ వీటికి ఉపనిబంధనలు తయారు కావాలి. 2025 జులైలో ప్రభుత్వం వాటి మీద అభిప్రాయాలు సేకరించింది. చట్టం వచ్చిన రోజునే బిల్లులు మారతాయనుకున్నవాళ్లకు ఎదురుచూపులే మిగిలాయి.

2025 మార్చిలో వచ్చిన శ్వేతపత్రం ఇంకా ముందుకెళ్లింది. కొత్త ఫ్లాట్లను లీజ్‌హోల్డ్‌గా అమ్మడం ఆపేసి కామన్‌హోల్డ్‌కు మారతామని ప్రకటించింది. కామన్‌హోల్డ్ అంటే ఫ్లాటు శాశ్వతంగా సొంతం, ఉమ్మడి భాగాలు యజమానుల సంఘానివి. అంటే మనకు అలవాటైన పద్ధతికి దగ్గరిదే. 2002 నుంచీ చట్టంలో ఉన్నా, బిల్డర్లకు లాభం లేక దేశం మొత్తం మీద పట్టుమని ఇరవై చోట్ల కూడా అది నిలదొక్కుకోలేదు.

కొత్త భవనాలకు కామన్‌హోల్డ్ పెట్టడం తేలిక. పాత గోదాములో ఇప్పటికే అరవై లీజులు, కింద రెండు రెస్టారెంట్లు, మధ్యలో ఒక హెడ్‌లీజు కంపెనీ, వాటన్నిటి మీదా ఫ్రీహోల్డర్ ఉంటారు. దాన్ని మార్చాలంటే ప్రస్తుత చట్టం ప్రకారం దాదాపు అందరూ ఒప్పుకోవాలి. ఆ షరతును సడలిస్తామని శ్వేతపత్రం అంటోంది. అప్పుడైనా ఫ్రీహోల్డరుకు పరిహారం కట్టేది ఫ్లాట్లవాళ్లే. అందుకే చివరిదాకా ఈ తగాదాలో మిగిలిపోయేది ఇలాంటి భవనాలే కావొచ్చు.

కొనబోయేవాళ్లు ఏం చూడాలి?

బ్రిటన్‌లో ఉద్యోగాలు చేస్తూ స్థిరపడుతున్న తెలుగు కుటుంబాలకు ఇది ఎక్కడో జరిగే గొడవ కాదు. ఇక్కడి అలవాటుతో ‘ఫ్లాటు కొంటే మనదే’ అనుకుని వెళ్లేవాళ్లు ముందుగా అడగాల్సినవి ఉన్నాయి. లీజులో సర్వీస్ చార్జీ వాటా ఎలా రాశారు, దాన్ని మార్చే అధికారం ఎవరికుంది? గత మూడేళ్ల లెక్కలేమిటి? రిజర్వు నిధి ఉందా, ఎంత ఉంది? రాబోయే పెద్ద మరమ్మతులకు నోటీసు ఇప్పటికే వచ్చిందా? గోదాముగా ఉన్న భవనం ఫ్లాట్లుగా ఏ ఏడాది మారింది, 1992కు ముందా తర్వాతా? నది గోడ ఎవరి బాధ్యత? ఫ్రీహోల్డు ఎవరి చేతిలో ఉంది?

రిజర్వు నిధి లేకుండా సర్వీస్ చార్జీ తక్కువగా ఉంటే సంబరపడకూడదు. కట్టాల్సింది ఇంకా కట్టలేదని దానర్థం కావొచ్చు.

ఇక విధానం సంగతి. బిల్లుల నమూనా మారినా, కమీషన్లు ఆగినా మేలే. కానీ అవన్నీ ఖర్చు జరిగాక లెక్క చూసే హక్కులు, చేతులు కాలాక పట్టుకునే ఆకులు. భారీ మరమ్మతుకు ముందు కట్టేవాళ్లలో సగం మంది ఆమోదం తప్పనిసరి చేయాలి. వాళ్లు కాదంటే, పని నిజంగా అత్యవసరమని యజమాని ట్రిబ్యునల్లో నిరూపించుకోవాలి. దాంతో పాటు ప్రతి పాత భవనానికీ నిధి తప్పనిసరి చేయాలి. మొదటిది యజమాని పెత్తనానికి కళ్లెం వేస్తుంది, రెండోది ఫ్లాట్లవాళ్ల వాయిదా బుద్ధికి కళ్లెం వేస్తుంది. ఇవాళ రుజువు చేయాల్సిన బరువు కట్టేవాళ్ల మీద ఉంది. అది ఖర్చు పెట్టేవాళ్ల మీదకు మారేదాకా ట్రిబ్యునళ్ల ముందు ఈ క్యూ తగ్గదు.